మిగిలిపోయిన మూట

యూసుఫ్ బాబా ఆడిటరును పిలిపించాడని తెలిసిన రోజు దస్తగిరి అన్నం ముట్టలేదు.

నన్నడిగితే ఆ కోపంలో తప్పేమీ లేదు. చిన్నతనంలో తల్లి పోతే బాబా పంచన చేరిన మనిషి. మకాం ఊడ్చాడు, నీళ్ళు మోశాడు, చదువు నేర్చాడు. తరవాత గని కూలీల పింఛను పుస్తకం బాబా అతని చేతికే ఇచ్చాడు. ఆనాటి నుంచి ఒక గింజ అటూ ఇటూ పోలేదు. అలాంటివాడి లెక్క చూడటానికి ఊరు గాని ఊరి నుంచి ఒకాయనను బస్సెక్కించి రప్పిస్తే ఎవరికి మాత్రం మండదు?

ఆ పింఛను సంగతి చెప్పాలి. బాబా మకాం చుట్టూ అన్నీ నాపరాళ్ళ గనులు. ఒంట్లో సత్తువ ఉన్నన్నాళ్ళూ ప్రతి కూలీ తన కూలిలోంచి కొంచెం తీసి బాబా దగ్గర దాచుకునేవాడు. సత్తువ అయిపోయాక, ప్రతి అమావాస్యకూ ఒక మూట జొన్నలూ కొంత డబ్బూ ఆ నిధిలోంచి తీసుకుపోయేవాడు. మనిషి పోతే ఆ మూట పెళ్ళానికి. బాబా, మరి ముగ్గురు పెద్దలు దానికి ధర్మకర్తలు. రాతకోతలన్నీ దస్తగిరివి.

వచ్చిన ఆడిటరు పేరు చిదంబర శెట్టి. నంద్యాల మనిషి. సన్నగా ఉంటాడు, సన్నగా మాట్లాడతాడు, ఎదుటివాడు నవ్వినా తను నవ్వడు. చాప మీద కూర్చుని పుస్తకం తెరిచి, మొదటి పేజీలోనే ఆగిపోయాడు.

"ఏమప్పా, ఈ 'ముద్దపప్పు తాత' ఎవరు?"

"ఉండాడులే శెట్టిగారూ. ముద్దపప్పు అంటే పానం ఆయనకు."

"ఆయనకు పేరు లేదా?"

"అందరూ అట్లే అంటారు."

శెట్టి వేలు కిందికి జరిగింది. "ఈయన వేలిముద్ర ఏదీ? ఏడాది నుంచీ ఖాళీగా ఉంది."

"చెయ్యి వణుకుతాదండీ ఆయనకు. ముద్ర వెయ్యమంటే సిగ్గుపడతాడు. ఎందుకులే అని ఇడిసిపెట్టినా."

ఇంకో పేజీ. శెట్టి కళ్ళద్దాలు తీసి తుడిచి మళ్ళీ పెట్టుకున్నాడు. తప్పు కళ్ళద్దాలదేమో అనుకున్నాడు పాపం.

"'మాయమ్మ మాదిరి ఉండే ఆమె.' ఇదేందప్పా?"

దస్తగిరి చెవులు ఎర్రబడ్డాయి. "నాకు తెలుసు ఆమె ఎవరో."

"నీకు తెలుసు. నాకు తెలియాలి గదా?"

"మీకెందుకు తెలియాల? ఇచ్చేది నేను, పుచ్చుకునేది ఆమె. మధ్యలో మీరెవరండీ?"

శెట్టికి కోపం రాలేదు. పెన్సిలుతో ఆ వరుస పక్కన చిన్న గుర్తు పెట్టి పేజీ తిప్పాడు. కోప్పడి ఉంటే దస్తగిరికి కాస్త హాయిగా ఉండేది. ఆ చిన్న గుర్తు చూసి మరీ ఉడికిపోయాడు.

నేరుగా బాబా దగ్గరికి పోయాడు. బాబా ఎండలో కూర్చుని చిరిగిన కంబళి కుట్టుకుంటున్నాడు. ఎనభై దాటిన మనిషి. సూదిలో దారం ఎక్కించడానికే సగం పొద్దు పడుతుంది.

"బాబా, నేను దొంగనా?"

"కాదు నాయనా."

"మరి నా మింద మనిషిని యాల పెట్టినారు? ఒక్కొక్కరి మొగమూ నా కండ్లల్లో ఉండాది. ఎవరికి ఏ మోకాలు నొస్తాదో గూడా తెలుసు. ప్రేమతో ఇచ్చేదానికి లెక్కలేంది బాబా?"

బాబా దారం కొన నోట్లో తడుపుకున్నాడు. సూదీ దారమూ దస్తగిరి చేతికిచ్చి ఎక్కించమన్నాడు. దస్తగిరి ఎక్కించి ఇచ్చాడు.

"రేపు పొద్దున్నే ఆళ్ళగడ్డకు పోయి, హకీం దగ్గర నా కీళ్ళనూనె తీసుకురా నాయనా" అన్నాడు బాబా.

"రేపు అమావాస్య బాబా! పంపకం ఉంది."

"పుస్తకం ఉండాది గదా."

అంతే. మళ్ళీ కంబళి కుట్టుకుంటూ ఉండిపోయాడు.

దస్తగిరి పోయాడు. బస్సులో కూర్చున్నాడన్న మాటే గాని మనసంతా మకాంలోనే. తను లేకుండా పంపకం ఎట్లా జరుగుతుందో చూస్తారులే అని ఒకసారి అనుకున్నాడు. అనుకున్నందుకు తనమీద తనకే చిరాకు వేసింది. హకీం ఇంట్లో లేడు. ఆయన వచ్చేదాకా కాచుకుని, సీసా తీసుకుని తిరిగి వచ్చేసరికి పొద్దు వాలుతోంది.

మకాం అరుగు మీద శెట్టి ఒక్కడే కూర్చుని ఉన్నాడు. పక్కన ఒక మూట.

"అందరికీ అందిందా శెట్టిగారూ?"

"ముద్దపప్పు తాత ఎవరని అడిగితే అందరూ నవ్వినారు. ఆయనే లేచి, నేనేలే నాయనా అన్నాడు. అట్లా చాలామంది దొరికినారు." శెట్టి మూటకేసి చూశాడు. "ఇది మిగిలింది."

అది ఎవరిదో అడగకుండానే దస్తగిరికి తెలిసిపోయింది.

"పిలిచినారా?"

"పిలవకుండా ఉంటానా? నువ్వు రాసినట్లే పిలిచినా. మళ్ళీ మళ్ళీ పిలిచినా. 'మాయమ్మ మాదిరి ఉండే ఆమె' అంటే ఎవరు లేస్తారప్పా? ఒక ముసలామె మాత్రం చివరిదాకా కూర్చుని ఉంది. అందరూ పోయినాక ఖాళీ సంచి మడిచి సంకలో పెట్టుకుని లేచింది. నీ పేరేమి అని నేను అడిగేలోపల గేటు దాటింది."

"బాబా ఈడనే ఉండాడు గదా? ఆయనకు ఆమె తెలుసు గదా!"

"ఉన్నాడు. ఆమె వెనకే పోయినాడు."

దస్తగిరి మూట భుజానికెత్తుకుని పరుగెత్తాడు. సీసా అరుగు మీదే ఉండిపోయింది.

ఆ ముసలామె ఇల్లు గనుల అవతల, పగిలిన నాపబండలతో కట్టిన ఒంటిగది. లోపలినుంచి పొగ వస్తోంది, పొగతోపాటు ముసలామె మాటలూ వస్తున్నాయి.

"రొట్టె తట్టేది అట్లగాదు సామీ. అంచు పగులుతాది. ఇట్ల తిప్పుకుంటా తట్టల్ల. ఇన్నేండ్లు ఎట్ల బతికినావో ఏమో!"

దస్తగిరి గుమ్మంలో ఆగిపోయాడు. బాబా పొయ్యి ముందు గొంతుక్కూర్చుని, మోచేతులదాకా పిండితో, వంకర టింకర జొన్నరొట్టె ఒకటి పెనం మీద వేస్తున్నాడు. ఆ పిండి ఎక్కడిదో దస్తగిరికి తెలుసు. మకాం వంటగదిలో బాబా పూటకని వేరుగా తీసి పెట్టేది తనే.

మూట దించాడు.

"బాబా, ఒక్క మాట చెప్పింటే శెట్టిగారు ఇచ్చేవారు గదా. ఈమె నాకు తెలుసు అనింటే సరిపాయ గదా."

బాబా పెనం మీంచి కళ్ళు తిప్పలేదు. "ఈ పిండి నాది, ఇచ్చినా. ఆ మూట అందరిదీ. దానికి నా ఎరిక చాలదు నాయనా."

దస్తగిరి ముసలామె ముందు కూలబడ్డాడు. "అవ్వా, మిగిలింది మీ మూట ఒకటే. నాదేనని అడగొచ్చు గదా?"

"ఏమని అడగాల నాయనా? మా ఆయన పోయి శానా దినాలాయ. ఇంగ ఎన్నాళ్ళు పెడతారులే, పేరు తీసేసినారేమో అనుకున్యా. పెట్టేవాళ్ళను నిలదీస్తే బాగుంటాదా?"

"పెట్టేది గాదవ్వా ఇది! మీ ఆయన రెక్కలిరుచుకుని దాచుకున్నేది. మీది."

ఆ మాట అని దస్తగిరి తనే ఉలిక్కిపడ్డాడు. ఇన్నేళ్ళూ ఆమె చేతిలో మూట పెట్టి, కుశలం అడిగి, ఎప్పుడన్నా ఇంటికి పోతే ఆమె పెట్టిన మామిడి తొక్కు తిని వచ్చాడే గాని, ఈ సంగతి ఆమెకు ఎప్పుడూ చెప్పలేదు. అదంతా దస్తగిరి దయవల్ల వస్తోందనుకునే తిన్నది ఆ తల్లి.

"పుస్తకంలో నన్ను ఏమని రాసింటివి నాయనా?" అని అడిగింది ముసలామె.

దస్తగిరి బాబా వైపు చూశాడు. బాబాకు రొట్టె తిప్పే పని ఉంది. చివరికి తల వంచుకుని చెప్పేశాడు.

ఆమె చెయ్యి చాచి అతని నెత్తిన అంటిన రాతిదుమ్ము దులిపింది.

"మీ యమ్మ గూడా నా మాదిరే నల్లగుండేదా?"

"ఊఁ."

"పొయ్యి ముందర ఇట్లనే కసురుకుంటా ఉండేదా?"

దస్తగిరి ఏడుస్తూ నవ్వాడు. కండువాతో మొహం తుడుచుకుని, అన్నేళ్ళ పరిచయంలో మొదటిసారి అడిగాడు.

"అవ్వా, నీ పేరేమి?"

"నా పేరా?" ముసలామె పొయ్యిలోకి చూసింది. ఆ పేరుతో ఆమెను పిలిచేవాళ్ళు ఎవరూ మిగల్లేదు మరి. "సుంకులమ్మ. మా ఆయన పెద్ద మద్దిలేటి."

మాడిన రొట్టె ముగ్గురూ పంచుకుని తిన్నారు.

మరునాడు శెట్టి నంద్యాల బస్సెక్కుతూ వచ్చే అమావాస్యకు మళ్ళీ వస్తానన్నాడు. దస్తగిరే ఆయన సంచి మోసుకుని బస్సుదాకా పోయాడు. అక్కడ, "పేరు పక్కన ఇంకా ఏమేమి రాయాల శెట్టిగారూ?" అని అడిగాడు. బస్సు కదిలేదాకా శెట్టి చెబుతూనే ఉన్నాడు. అదిగో, అప్పుడు నవ్వాడట ఆయన.

ఆ నెలంతా దస్తగిరి ఇల్లిల్లూ తిరిగాడు. పేరేమి, ఇంటి పేరేమి, ఎవరి భార్య, ఏ గనిలో చేసినారు, ఎన్నేళ్ళు దాచినారు, మీ తరవాత ఎవరికి చేరాల. మొదట అందరూ భయపడ్డారు, పింఛను ఆపేస్తారేమోనని. మీదేనని చెప్పేటందుకే వచ్చినానని అందరికీ ఓపిగ్గా చెప్పాడు. ముద్దపప్పు తాతకు బాలనాగన్న అనే చక్కటి పేరుందని తేలింది. వణికే చేతిని తన చేతిలోకి తీసుకుని వేలిముద్ర వేయించాడు. తాత సిగ్గుపడలేదు. పైగా ఇంకోటి వెయ్యాలా అని అడిగాడు.

సుంకులమ్మ మాత్రం ఒక్కటే కోరింది. "ముందు రాసింది కొట్టెయ్యొద్దు నాయనా. పక్కన చిన్నగా ఉండనీ."

అమావాస్య వచ్చింది. మకాం ముందర జనం కూర్చున్నారు. శెట్టి బల్ల ముందు కూర్చుని పుస్తకం తెరిచాడు. ఇద్దరు ముగ్గురి మొహాలు తప్ప ఆయనకు ఆ గుంపులో ఎవరూ తెలియదు. దస్తగిరి మూటలు అందించడానికి ముందుకు పోబోతుంటే బాబా మణికట్టు పట్టుకుని, వెనక గోడవారగా తన పక్కన కూర్చోబెట్టుకున్నాడు.

ఒక్కో పేరూ పిలుస్తున్నాడు శెట్టి. ఒక్కొక్కరూ లేస్తున్నారు.

"సుంకులమ్మ. పెద్ద మద్దిలేటి భార్య."

ఎవరూ లేవలేదు. శెట్టి తల ఎత్తి జనాన్ని చూశాడు. ఆమె ఎక్కడ కూర్చుందో ఆయనకు తెలియదు. దస్తగిరికి తెలుసు. వేపచెట్టు నీడలో, మోకాలి మీద చెయ్యానించి, లేవడానికి అవస్థ పడుతోంది. దస్తగిరి తటాలున లేవబోయాడు.

బాబా మణికట్టు వదల్లేదు.

"నువ్వు ఈడ లేనే లేవనుకో" అన్నాడు మెల్లగా.

శెట్టి మళ్ళీ పిలిచాడు.

"ఉండా!" అంది సుంకులమ్మ. ఆ గొంతు అంత గట్టిగా ఎవరూ ఎన్నడూ వినలేదు. "ఉండాను నాయనా, వస్తాండా!"

నడిచి వచ్చింది. వేలిముద్ర వేసింది. మూట తీసుకుంది. ఎవరికీ దండం పెట్టలేదు.

బాబా ఆమె పోయిన దిక్కే చూస్తూ ఉన్నాడు.

"రేపొకనాడు నేనూ లేననుకో" అన్నాడు.

దస్తగిరి ఆ ముసలి చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకుని, చివరి పేరు పిలిచేదాకా అక్కడే కూర్చున్నాడు.