దాలమ్మ నోట్లో నిప్పు

అనగనగా, వాన పిలిస్తే పలికే రోజుల్లో, సముద్రపు గాలి తగిలే ఒక ఊరు. ఆ ఊళ్లో భూములన్నీ ఒక్క బుగతవే. వాటిలో పనిచేసే చేతులు మాత్రం కూలివాళ్లవి. ఆ చేతుల్లో దాలమ్మ చేతులూ ఉన్నాయి.

ఆ బుగత ఒక కట్టడి పెట్టాడు. ఊడుపుల కాలంలో పొద్దు నడినెత్తికి వచ్చాక, చుట్ట కాల్చుకునేంతసేపు పని ఆపవచ్చు. చుట్ట ఉన్నవాడు గట్టెక్కి కూర్చోవచ్చు. చుట్ట ఆరితే దిగాలి. ఆ ఊళ్లో చుట్ట కాల్చేది మగవాళ్లే. కాల్చని ఆడవాళ్లకి కూర్చునే పనేముంది? ఇదీ ఆయనగారి న్యాయం. మగవాళ్లు గట్టు మీద, ఆడవాళ్లు బురదలో. తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండిపోతుంది.

దాలమ్మకి ఒక చెల్లెలు ఉండేది, సోములమ్మ. కిందటేడు ఆరో నెల కడుపుతో నాట్లు వేస్తూ, "కూసింతసేపు కూకుంతాను బాబూ" అని బతిమాలింది. "సుట్ట ఉందేటి?" అని నవ్వాడు బుగత. ఆ సాయంత్రమే ఆమెకి కడుపు పోయింది. ఈ ఏడు మళ్లీ ఊడుపులు వచ్చాయి. సోములమ్మకి మళ్లీ ఆరో నెల వచ్చింది. దాలమ్మకి కోపం కుతకుతలాడింది.

చుట్టలు చుట్టి పొలాల వెంట అమ్ముకునే సన్యాసి తాత దగ్గరికి వెళ్లింది.

"తాతా, నాకు సుట్ట కాల్సడం నేర్పు."

"ఆడకూతురివి, నీకెందుకే ఈ పాడు పొగ?"

"కూకోడానికి తాతా."

తాత ఒక చుట్ట తీసి చేతిలో పెట్టాడు. కొస కొరికి ఉమ్మేయమన్నాడు. నిప్పు దగ్గర చుట్టని మెల్లగా తిప్పుతూ అంతటా అంటించమన్నాడు. మొదటిసారి పొగ గొంతుకి అడ్డం పడి దాలమ్మకి కళ్లమ్మట నీళ్లు కారాయి. రెండోసారి తల తిరిగి గుంజ పట్టుకుంది. మూడోసారి తాత కసిరాడు.

"మింగకే గుంటా! నోట్లో తిప్పి ఒదిలెయ్యాల. తొందరెట్టుకుంటే సుట్ట కాలదు, నువ్వు కాల్తావు."

అప్పటికి కుదిరింది.

మర్నాడు నడినెత్తి పొద్దులో దాలమ్మ చుట్ట వెలిగించి గట్టెక్కింది. బుగత పగలబడి నవ్వాడు. ఇంతలో సముద్రపు గాలి విసిరి కొట్టింది. "ఆరింది, నెగు" అన్నాడు. దాలమ్మ లేచి బురదలోకి దిగింది. పక్కన మగవాళ్ల చుట్టలూ ఆరాయి. ఆయన అటు చూడలేదు.

ఆ మర్నాడు మళ్లీ ఎక్కింది. తుంపర పడింది. "ఆరింది, నెగు" అన్నాడు. మగవాళ్ల చుట్టలూ ఆరాయి. అటు చూడలేదు. మగవాళ్లు గట్టు మీద, ఆడవాళ్లు బురదలో. ఒక్క మగాడైనా నోరు విప్పాడా? విప్పితే చుట్ట జారిపోతుందని భయపడ్డారు కాబోలు, సిగ్గులేనివాళ్లు!

మూడోనాటికి సోములమ్మ ముఖం పాలిపోయింది. నడుం పట్టుకుని వంగలేక వంగుతోంది. దాలమ్మ గట్టెక్కింది. చుట్ట వెలిగించింది. గాలి వంక చూసింది, బుగత వంక చూసింది. చుట్టని తిరగేసి, మండే కొసని నోట్లో పెట్టుకుని పెదాలు మూసింది.

"ఏటే అది!" అని అరిచాడు బుగత.

దాలమ్మ నోటి పక్కనుంచి పలికింది.

"నిప్పు లోపలున్నాది బాబూ. ఆరిందో లేదో నీ యేలెట్టి సూసుకో."

బుగత వేలు పెట్టలేదు.

వెనకాలే సోములమ్మ గట్టెక్కింది. ఆమె నోట్లోనూ తిరగేసిన చుట్ట ఉంది. దానికి నిప్పు అంటించనే లేదు.

"దీని పొగేదీ?" అన్నాడు బుగత.

"మింగేస్తున్నాది బాబూ. కొత్త గదా" అంది దాలమ్మ.

అక్కడే చుట్టలు అమ్ముతున్న సన్యాసి తాతకి ఉన్నట్టుండి దగ్గు ముంచుకొచ్చింది. బుగత అటు తిరిగాడు. ఆ దగ్గు ఆగేలోపు ఆడవాళ్లంతా తాత బుట్టలోంచి తలా ఒక చుట్ట తీసి నోట పెట్టుకుని గట్టెక్కేశారు.

పంట ఇంటికి వచ్చే వేళకి సోములమ్మ పండులాంటి ఆడపిల్లని కంది.

దాలమ్మ మాత్రం ఏటేటా ఊడుపుల్లో ఆ నిప్పు నోట్లో పెట్టుకుంటూనే ఉంది. అందరి చుట్టలూ ఉత్తవైతే బుగత కనిపెట్టేస్తాడు కదా! చివరికి అంగిట్లో పుండు లేచింది. అన్నం మింగలేకపోయింది. గంజి మింగలేకపోయింది. నీళ్లు మింగలేక చచ్చిపోయింది. చుట్ట తాగి చచ్చిందన్నారు పెద్దమనుషులు. అబద్ధం! కాసేపు కూర్చోవడం కోసం చచ్చింది. కూర్చోవడానికి ఒక మనిషి నిప్పు నోట్లో పెట్టుకోవాలా?

ఆ బుగత పేరేమిటో ఆ ఊళ్లో ఇప్పుడు ఎవరికీ తెలీదు. దాలమ్మ పేరు పసిపిల్లలకి కూడా తెలుసు. దాలమ్మలా నిప్పు కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ ఇంకా కొందరు ముసలమ్మలే తాగుతారు. పడుచువాళ్లు చుట్ట ముట్టుకుంటే ఆ ముసలమ్మలే తిట్టి తగిలేస్తారు. కానీ ఊడుపుల్లో పొద్దు నడినెత్తికి వచ్చేసరికి, నడుం నొచ్చిన మనిషి ఎవరో ఒకరు "దాలమ్మ కూకున్నాది!" అని కేకేస్తారు. కడుపుతో ఉన్న మనిషిని ముందు ఎక్కించి, తక్కినవాళ్లు వెనక ఎక్కుతారు.

ఏ ఆసామి అయినా "ఇంకా ఎంతసేపు?" అన్నాడో, ఆడవాళ్లంతా ఒక్కసారే ఖాళీ నోళ్లు తెరుస్తారు.

"యేలెట్టి సూసుకో బాబూ!"

ఇంతవరకు ఎవడూ పెట్టలేదు.