గంగులు మింగేసిన మొదటి అక్షరం

గానుగ మూతపడ్డాక ఆ షెడ్డులోనే వయసు మళ్లిన జంతువులకు బడి పెట్టారు. పంతులు జోగయ్య అనే నక్క. పదిహేనేళ్లు గానుగ తిప్పిన ఎద్దు గంగులు పాపం అందరికంటే ముందొచ్చి కూర్చునేవాడు. దాణా గదికి కాపలా కావాలట, సంచుల మీద రాసింది చదివినవాళ్లకే ఆ పని. అది దక్కకపోతే గంగులు సంతకు పోవాల్సిందే. ముసలి ఎద్దును ఊరికే ఎవరు మేపుతారు?

రెండు నెలలుగా జోగయ్య అతని చేత అ ఆలే దిద్దిస్తున్నాడు.

"అవి నాకొచ్చు పంతులూ," అంటే, "మరి 'తవుడు'ను 'వుడు' అంటావేం? మొద్దు! మళ్లీ మొదటి నుంచీ దిద్దు," అని కసిరేవాడు. ఆ కాపలా పని మీద జోగయ్యకూ కన్నుంది. కోళ్ల గూడు ఆ గదికి ఆనుకునే ఉంది మరి!

అంతలో మంగతాయి అనే గోరువంక కొత్తగా పాఠాలు చెప్పడానికి వచ్చింది. వస్తూనే పలకలు పక్కన పెట్టించింది.

"ముందు ఎవరికి ఏమొచ్చో, ఎక్కడ ఆగిపోతున్నారో చూస్తాను. నువ్వూ రా జోగయ్యా."

"పంతుల్ని నాకు పరీక్షేంటే, పిట్టా!" అని జోగయ్య తోక ఝాడించి బయటికి పోయాడు.

గంగులు సిగ్గుపడుతూనే చదివాడు. 'జనుము' చూసి "నుము" అన్నాడు. 'జ' ఒక్కటే రాసి చూపిస్తే తల తిప్పి మరీ ఠక్కున చెప్పేశాడు. మంగతాయి అతని కొమ్ము మీద వాలింది.

"గంగులు బావా, గానుగలో నీకు గంత ఏ కంటికి కట్టేవారు?"

"ఎడమ కంటికమ్మా. ఆ పక్కేదీ చూడ్డం ఎప్పుడో మానేశాను."

"అదీ సంగతి! మొదటి అక్షరం ఆ పక్కనే ఉండిపోతోంది. నీకు అక్షరాలు రాక కాదయ్యా. మెడ కాస్త ఎడమకు తిప్పి మొదలుపెట్టు, చాలు."

గంగులుకు కళ్లనీళ్లు తిరిగాయి. రెండు నెలలు మొద్దునని నమ్మాడు మరి! పది రోజులు మెడ తిప్పడమే సాధన చేశాడు.

పరీక్షనాడు దాణా గదిలో గేదె సీతాలత్త పెద్దరికం. జోగయ్య ముందుకు దూకి సంచుల పేర్లు వరసగా ఏకరువు పెట్టాడు, "తవుడు, జనుము, ఉలవలు, ఎలుకల మందు!"

"మొదటి సంచీ తవుడేనా?" అని అడిగింది సీతాలత్త.

"ముమ్మాటికీ!"

"అయితే ఓ పిడికెడు తిని చూపించు నాయనా."

జోగయ్య మూతి పెట్టబోయాడు. గంగులు మెడ ఎడమకు తిప్పి చూసి, "ఆగు! అది ఎలుకల మందు!" అని ఒక్క అరుపు అరిచాడు.

ఆ పొద్దున్నే ఊడుస్తూ సీతాలత్త సంచుల్ని అటూ ఇటూ మార్చి పెట్టింది. జోగయ్యకు వచ్చింది చదువు కాదు, బట్టీ పట్టిన పాత వరస. అ ఆలు దాటి ఒక్క ముక్కా రాదు, అందుకే ఎవర్నీ దాటనివ్వలేదు.

కాపలా పని గంగులుదైంది. సంత మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు. అందరూ వెళ్లాక జోగయ్య నేల చూపులు చూస్తూ అడిగాడు, "నాకూ మొదటి నుంచీ చెబుతావా, మంగతాయీ?"

"మొదటి నుంచి ఎందుకూ? ఎక్కడ ఆగావో చెప్పు, అక్కణ్ణుంచి మొదలెడదాం," అంది మంగతాయి.

నీతి: నేర్పేముందు, నేర్చుకోవడానికి వచ్చినవాళ్లకు ఏమొచ్చో అడిగి తెలుసుకోవాలి.