కాలిబాటలు చెరిపేసిన అడవి

అనగనగా కొండవాలున ఒక అడవి. పిల్లలూ, ఆ అడవిలో అందరూ కాళ్ల మీదే తిరిగేవారు. గూడు దాటితే రేగుపొదలు. ఇంకాస్త పోతే వాగు. వాగు పక్కనే కొండముచ్చు అవ్వ మందుచెట్లు. దారి పొడుగునా పలకరింపులే.

ఆ అడవికి పెద్ద, భూమన్న అనే ఎలుగుబంటి. ఆయనకు ఎప్పుడూ తొందరే. ఒకరోజు అడవిదున్న గంగప్ప వచ్చి అన్నాడు:

"పెద్దయ్యా, ఈ కాలిబాటలు తీసేసి వెడల్పాటి దారి వేయించు. మా వీపులెక్కితే ఎవరినైనా రెప్పపాటులో దింపేస్తాం."

ఒళ్లంతా పొలుసులుండే అలుగు పోలమ్మ ముందుకొచ్చింది. "నడిచేవాళ్లకు ఒక పక్కన కాస్త చోటు ఉంచండయ్యా," అంది.

"ఎక్కడానికి వీపుండగా నడకెందుకమ్మా?" అని నవ్వేశాడు భూమన్న.

దారి కోసం పొదలు కొట్టేశారు. రేగుచెట్లను అడవికి ఆ చివర నాటారు. మందుచెట్లనూ అవ్వనూ ఈ చివరకు పంపారు.

మొదట్లో అందరికీ సరదాగానే ఉంది. తర్వాత గిట్టల దుమ్ము లేచి గాల్లోనే ఉండిపోయింది. దున్నల మేతకు వాలంతా బోడిదై, మట్టి జారి వాగు బురదైంది. కూర్చుని కూర్చుని కుందేళ్లు కూడా నాలుగడుగులకే ఆయాసపడ్డాయి. ఎవరికీ నిలకడ లేదు. "దున్న వచ్చిందా? ఇంకా రాలేదా?" అని మెడలు చాచి చూడడమే పని.

ఒక మధ్యాహ్నం పోలమ్మ కూతురు చిన్నికి దగ్గు ఎక్కువై ఊపిరాడలేదు. పోలమ్మ బిడ్డతో గంగప్ప వీపెక్కింది. అప్పటికే భూమన్న దాని మీద ఉన్నాడు. వాగు దగ్గరకు వచ్చేసరికి దున్నలన్నీ ఒకదాన్నొకటి నెట్టుకుంటూ ఇరుక్కుపోయి ఉన్నాయి.

"కదులు గంగప్పా! పిల్ల మూతి నల్లబడుతోంది!"

"ఎట్టా కదిలేది పోలమ్మా? ముందూ వెనకా మావాళ్లే."

పోలమ్మ కిందికి దూకింది. బిడ్డను వీపున ఎక్కించుకుని, బాటలేని ముళ్లలో పడి నడిచింది.

"నేనూ వస్తా, ఉండు!" అంటూ భూమన్న దిగాడు. ఒకప్పుడు తేనె కోసం కొండకొమ్ముకు ఎగబాకినవాడు, కాసేపటికే కూలబడ్డాడు. లేచాడు. మళ్లీ కూలబడ్డాడు. మూడోసారి లేవలేకపోయాడు.

"ఆగకు పోలమ్మా, నువ్వు వెళ్లు!"

చిన్ని దగ్గు దూరమై, దూరమై, వినబడకుండా పోయింది. పిల్ల అవ్వ దగ్గరకు చేరిందో, ఊపిరే ఆగిందో భూమన్నకు తెలియలేదు.

పొద్దు వాలుతుండగా కొండముచ్చు అవ్వ వచ్చింది. "బతికింది," అంది. "ఇంకాస్త ఆలస్యమైతే నా చేతుల్లో ఉండేది కాదు."

భూమన్న వెక్కి వెక్కి ఏడ్చాడు. మర్నాడు అందరినీ పిలిచాడు.

"త్వరగా చేరాలని దారి వేయించాను. చేరాల్సినవన్నీ దూరం చేశాను. తప్పు నాది."

సగం దారి తవ్వి కాలిబాటలు వేశారు. గూళ్ల మధ్యే పొదలు నాటారు. అవ్వ మళ్లీ వాగు పక్కకు వచ్చింది. ముసలివాళ్లనూ కుంటివాళ్లనూ మాత్రం దున్నలే మోశాయి.

కొత్త బాట మీద భూమన్న పోలమ్మను అడిగాడు: "నా మీద ఇంకా కోపమేనా?"

"కోపమేనయ్యా," అంది పోలమ్మ. "అయినా పదండి, నడుద్దాం. చిన్ని ఎప్పుడో ముందుకెళ్లిపోయింది."

నీతి: కావలసినవి నడిచి చేరేంత దగ్గరలో ఉంటేనే ఊరికి ఆరోగ్యం, కాళ్లకు చోటివ్వని దారి ఎంత వెడల్పైనా ఇరుకే.