పసుపు చుక్కల పడవ

అనగనగా, సముద్రం ఇప్పటికంటే రెండు బారలు ఊరికి దగ్గరగా ఉన్న కాలంలో, గవ్వలపేట అనే రేవు ఉండేది. ఆ రేవులో ఎర్రయ్య అనే పట్టుదల గల మనిషి ఉండేవాడు. పట్టుదల అని నేను మర్యాదకు అంటున్నాను. ఊళ్ళోవాళ్ళు మొండితనం అనేవారు.

ఎర్రయ్య ఎవరి సాయమూ అడగకుండా ఒక తెరచాప పడవ కట్టుకున్నాడు. మామిడి పలకలు తనే కోశాడు. కొబ్బరితాడుతో తనే కుట్టాడు. తెరచాప ఒక్కటే భార్య నూకాలు కుట్టింది. మొత్తం పడవలో వంక పెట్టలేని పని అదే.

గవ్వలపేటలో ఒక ఆచారం ఉండేది. కొత్త పడవను నీటిలో దింపే ముందు ఒడ్డున దిమ్మల మీదికి ఎక్కించి, దాని లోపల నిండా నీళ్ళు పోసేవారు. ఊరంతా చుట్టూ చేరి చూసేది. బయటి వైపు ఎక్కడ తడి కనిపిస్తే అక్కడ, చూసినవాళ్ళు ఒక పసుపు చుక్క పెట్టేవారు. చుక్క పడిన ప్రతిచోటూ బాగుచేశాకే ఆ పడవ సముద్రాన్ని తాకాలి.

ఎర్రయ్య దానికి ఒప్పుకోలేదు. "అందరూ పసుపు పూయడానికి నా పడవ పెళ్ళికూతురేటి?" అన్నాడు. కరిగించిన గుగ్గిలం పైపైన దట్టంగా పూసి, తళతళలాడించి, నేరుగా అలల్లోకి తోశాడు. నాలుగు అలలు దాటకముందే ఆ పడవ పీతలా పక్కకు నడిచింది. ఒడ్డున ఉన్న నూకాలు తమ్ముడు సన్నాసి పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ నవ్వు ఎర్రయ్యకు ముల్లులా దిగింది. అప్పటినుంచి పడవ ఇసుకలోనే పడి ఉంది. బావకూ బావమరిదికీ మాటలు లేవు.

ఇలా ఉండగా చేపల కాలం వచ్చింది. పెద్ద పడవలన్నీ దూరపు వేటకు పోతూ పోతూ, నూకాలునూ మరికొందరు ఆడవాళ్ళనూ చిలకలంకలో దింపాయి. సున్నపు గవ్వలు ఏరడానికి వాళ్ళు ఏటా అక్కడికి వెళ్ళేవారు. తిరిగి వచ్చేటప్పుడు ఆ పడవలే వాళ్ళను ఎక్కించుకునేవి. అంతవరకు కబురంతా పొగతోనే. ఒక పొగ లేస్తే క్షేమం. రెండు లేస్తే ఎవరికో జబ్బు. మూడు లేస్తే తాగడానికి నీళ్ళు లేవు.

ఒక ఉదయం లంక మీద మూడు పొగలు లేచాయి.

ఊరికి పెద్ద అయిన సత్తెమ్మ అవ్వ చెయ్యి అడ్డం పెట్టుకుని చూసింది. "రాత్రి పోటుకి కుండలు కొట్టుకుపోయినట్టున్నాయి," అంది. పెద్ద పడవలు ఎక్కడున్నాయో తెలియదు. ఒడ్డున మిగిలిన చిన్న తెప్పలు ఆ గాలికి లంక దాకా పోలేవు. అందరి చూపులూ ఎర్రయ్య పడవ మీదికి తిరిగాయి.

"నీళ్ళు పోసి చూద్దాం రా, ఎర్రయ్యా," అంది అవ్వ.

"అక్కడ నా పెళ్ళాం గొంతెండిపోతుంటే ఇక్కడ చోద్యం చూస్తారేటి? అంత పొద్దు లేదు," అన్నాడు ఎర్రయ్య.

పొద్దు లేదన్నది అబద్ధం. సన్నాసి కళ్ళ ముందు తన పడవ కారడం అతనికి ఇష్టం లేదు. అసలు నిజం అది.

ఎర్రయ్య నీటి కుండలు ఎక్కించుకుని బయలుదేరాడు. సగం దూరం పోకముందే పాదాలు తడిశాయి. చూస్తుండగానే మడమలు మునిగాయి. చిప్పతో తోడిపోస్తూ, ఆయాసపడుతూ వెనక్కి వచ్చాడు. నీరు పడవ వెనుక భాగంలో నిలిచింది కాబట్టి చిల్లి అక్కడే ఉందనుకుని, అక్కడ కొబ్బరిపీచు కూరి గుగ్గిలం పట్టించాడు. నీరు చేరే చోటు వేరు, నీరు దూరే చోటు వేరని అతనికి తట్టలేదు. తలెత్తి చూస్తే లంక మీద రెండే పొగలు ఉన్నాయి.

మళ్ళీ బయలుదేరాడు. ఈసారి నీరు అడుగుకు చేరేలోగా లంక చేరిపోవాలని తెరచాప తాడు బిగించి లాగాడు. పడవ ఒక పక్కకు ఒరిగి, ముక్కు గాలిలోకి తిప్పుకుని మొండి ఎద్దులా నిలబడిపోయింది. చుక్కాని ఎంత నెట్టినా దారికి రాలేదు. పెద్ద అల ఒకటి పక్కనుంచి వచ్చి నీటి కుండలన్నిటినీ ఎత్తుకుపోయింది. పడవ అంచు పట్టుకుని వేలాడుతూ ఎర్రయ్య ఒడ్డున పడ్డాడు.

పొద్దు నడినెత్తి దాటింది. ఎవరో కేక వేశారు. "అదుగో, ఒక్క పొగే ఉంది. ఒక్క పొగంటే క్షేమమే కదా. వాన పడిందేమో."

జనం ఊపిరి పీల్చుకున్నారు. ఎర్రయ్య మాత్రం తలెత్తి చూశాడు. ఆకాశంలో మబ్బు లేదు. మూడు మంటలకు పుల్లలు వేసే ఓపిక అక్కడ ఎవరికీ మిగల్లేదు, అంతే. చూడడానికి బాగున్నట్టే ఉంది, లోపల బాగులేదు. అచ్చం తన పడవలాగే.

అతను తడిబట్టలతోనే సన్నాసి దగ్గరికి నడిచాడు. "సన్నాసీ, నా పడవలో నీళ్ళు పొయ్యండి. అందర్నీ పిలు. నవ్వితే నవ్వండి, గాని బాగా చూడండి," అన్నాడు.

"నవ్వేటి బావా? అక్కడున్నది మా అప్ప నూకాలు," అన్నాడు సన్నాసి.

బిందెలు చేతులు మారాయి. పడవ నిండింది. కాసేపటికి ఒక చెమ్మ, తర్వాత ఒక ధార. పిల్లలు పసుపు చుక్క పెట్టారు, ముసలివాళ్ళు పెట్టారు. సన్నాసి పడవ ముక్కు కిందికి దూరి, అక్కడి కుట్టు పొడవునా చుక్కలు పెట్టాడు. పడవకు ఆటలమ్మ పోసినట్టయింది. ఎర్రయ్య చెవులు సిగ్గుతో కాలిపోయాయి, అయినా అక్కడే నిలబడ్డాడు. ఎవరూ నవ్వలేదు.

నీళ్ళు వంపేసి, చుక్క చుక్కనా పీచు కూరారు, వేడి గుగ్గిలం పోశారు. సన్నాసి తెరచాప కొయ్యను ఊపి చూశాడు. "ఇది వెనక్కి వాలిపోనాది బావా. అందుకే తాడు బిగిస్తే ముక్కు గాలిలోకి తిరుగుతంది," అన్నాడు. కొయ్య మొదలు దగ్గర చీల మార్చి దాన్ని నిలువుగా నిలబెట్టారు. తాడు కొంచెం వదిలి పట్టుకోమని సన్నాసి చెప్పాడు. తనూ వస్తానని అనలేదు. ఒక మగవాడు తగ్గితే ఒక ఆడమనిషికి చోటు దొరుకుతుంది.

మళ్ళీ నింపిన నీటి కుండలతో మూడోసారి పడవ అలలను కోసుకుంటూ తిన్నగా పోయింది. ఎర్రయ్య మాటిమాటికీ అడుగున చెయ్యి పెట్టి తడిమాడు. పొడిగానే ఉంది.

లంకలో ఆడవాళ్ళు బండ నీడన వాలిపోయి ఉన్నారు. నూకాలు ఒక్కతే మంట దగ్గర కూర్చుని ఉంది. ఎర్రయ్య తెచ్చిన నీళ్ళు అందరికీ పట్టించి, చివర తను తాగింది. తర్వాత పడవ వైపు చూసింది. గాలి ముదురుతోంది, అలలు లేస్తున్నాయి. మిగతావాళ్ళు ఆమె ముఖమే చూస్తున్నారు. ఆమె ఎక్కకపోతే ఎవరూ ఎక్కరు.

"ఈ పడవ నాకు తెలీదేటి? నీ మాట మీద ఇంతమంది ప్రాణాలు ఇందులో పెట్టలేను," అంది.

ఎర్రయ్యకు కోపం రాలేదు. "నా మాట మీద వద్దు. ఊరంతా నీళ్ళు పోసి చూసింది. వెనకాల కారుతోందని నేననుకున్నాను, తప్పు. ముక్కు కింద కుట్టంతా కారింది. అది మీ తమ్ముడు పట్టుకున్నాడు. కొయ్య వాలినట్టు కూడా వాడే చెప్పాడు," అన్నాడు.

నూకాలు అతని ముఖంలోకి చూసింది. "సన్నాసిని చూడనిచ్చావా?"

"నేనే పిలిచాను."

నూకాలు లేచింది. అందరికంటే నీరసంగా ఉన్న మనిషిని రెండు చేతులా ఎత్తి పడవలో కూర్చోబెట్టి, పక్కన తనూ ఎక్కింది. దీపాలు పెట్టే వేళకు అందరూ గవ్వలపేట ఇసుక మీద కాలు పెట్టారు.

కాబట్టి పిల్లలూ, తన పడవలోని చిల్లిని పదిమందికీ చూపించగలిగినవాడినే పదిమందీ నమ్మి పడవ ఎక్కుతారు.