నలభై ఏడు బి

ప్రద్యోత్ ఇచ్చిన జాబితాను హబీబుల్లా గారు మూడు రోజులైనా ఖాయం చేయలేదు.

ఆయన ముప్పై ఏళ్లుగా గణాంకశాస్త్రం చెబుతున్నారు. ప్రద్యోత్ ఆయన దగ్గర పరిశోధన చేస్తున్నాడు. వెనకటి బాలింతల సర్వేలో అడిగిన ప్రతి ప్రశ్నకూ కంప్యూటర్‌లో ఒక వేరియబుల్, అంటే దాని జవాబులన్నీ ఉండే గడి, ఉంది. వాటి పేర్లన్నీ సాఫ్ట్‌వేర్‌లోంచి ఒక టెక్స్ట్ ఫైల్‌లోకి తీసి ఇవ్వడం ప్రద్యోత్ పని. ఆ ఫైల్‌లో లేనిది తర్వాత వచ్చే పరిశోధకులకు అందదు.

నాలుగో రోజు అతను ఉండబట్టలేక అడిగాడు.

"ఒక్క కమాండ్‌తో తీశాను సార్. దాదాపు ఖాళీగా ఉన్నవాటిని ప్రోగ్రామే వదిలేసింది. ఇందులో తప్పేముంది?"

"వదిలేసినవి చూపించు."

అతను ప్రింటు తీసి ఇచ్చాడు. గురువుగారు ఒక పేరు కింద గోటితో గీత గీశారు. క్యూ నలభై ఏడు బి.

"ఇదేమిటి?"

"తెలీదు సార్. వివరం ఎక్కడా రాయలేదు. మూడు వేల మందిలో నలభై ఒక్కరే జవాబిచ్చారు."

ఆయన ప్రింటు అతని చేతికిచ్చారు. లేచి, అతన్ని వెంటబెట్టుకుని రికార్డు గదికి వెళ్లారు. అక్కడ పాత ఫారాలు సర్దుతున్న సలోమి ఒకప్పుడు ఊరూరా తిరిగి ఆ సర్వే చేసిన మనిషి.

"సలోమమ్మా, నలభై ఏడు బి ఏమిటో ఇతనికి చెప్పండి," అని ఆయన గుమ్మం దగ్గరే ఆగిపోయారు.

సలోమి చేతిలో కట్ట కింద పెట్టింది.

"పురిట్లోనే బిడ్డ పోయిన తల్లుల్ని అడిగాం బాబూ అది. బిడ్డకి పేరు పెట్టుకున్నారా అని."

ప్రద్యోత్ ఆమె దగ్గరికి జరిగాడు.

"ఎలా అడిగేవారు?"

"పెన్ను మూసేసి అడిగేదాన్ని. ఒకావిడ నా మొహంకేసి చాలాసేపు చూసింది. 'ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదమ్మా' అంది. తర్వాత పేరు చెప్పింది."

ప్రద్యోత్ చేతిలోని ప్రింటు చూసుకున్నాడు. అందులో ఇంకా అరవై రెండు పేర్లున్నాయి.

"జాబితా ఇవాళ ఇవ్వలేను సార్," అన్నాడు మెల్లగా. "ఇవన్నీ ఏమిటో ఫారాల్లో చూడాలి."

గురువుగారు జేబులోంచి ఫారాల బీరువా తాళంచెవి తీసి అతని చేతిలో పెట్టారు.

"కూర్చుని చదువు," అన్నారు. "నిలబడి తిరగేసేవి కావు."