బుల్లెమ్మ చూసిన నాలుగో గుర్తు

పోయిన ఏడు వైశాఖ శుద్ధ సప్తమి నాడు చిలకల గుండం దగ్గర అన్యాయం జరిగింది. జరిగింది ఎవరికంటే, రేవులో బట్టల మూటలు మోసే గాడిద బుల్లెమ్మకి. చేసింది నక్క పానకాలు. చూసి నవ్వింది మిగతా అందరూ. బుల్లెమ్మకి ఎక్కువ మండింది ఆ నవ్వుకే.

ఎండలు ముదిరి ఊళ్ళో నీళ్ళు అడుగంటాయంటే చాలు, ఊరి మంద కొండెక్కేస్తుంది. వానలు పడేదాకా అడవి మందతో కలిసి అక్కడే కాపురం. మూటల్లేవు, కాడి లేదు. పొద్దున చల్లపూట ఊరికే నడవడం, ఎండ ఎక్కాక నీడన పడుకోవడం. ఎక్కడికి వెళ్ళాలో ఎవరూ చెప్పకుండా నడవడమంటే ఏమిటో బుల్లెమ్మకి తెలిసేది ఆ నెలన్నరే.

అక్కడ ఏటా గుర్తుల పందెం పెడతారు. కొండమీద ఐదు చోట్ల రాళ్ళు గుట్టగా పేర్చి, పైన మోదుగ కొమ్మ గుచ్చుతారు. పక్కన దొప్పలో రంగు ఉంటుంది, ఒక్కో చోట ఒక్కో రంగు. ఎండిన టేకాకు మీద గీసిన పటం పట్టుకుని, ఐదు చోట్లూ వరసగా వెతుక్కుని, ఐదు రంగులూ ఒంటికి పూసుకుని ఎవరు ముందు గుండం చేరితే వాళ్ళ మందకి వేసవంతా తొలి నీళ్ళు. ఓడిన మందకి వాళ్ళు తొక్కగా మిగిలిన బురద.

పటం గీసేది పానకాలు. గుర్తులు పెట్టేది పానకాలు. అడవి మంద తరఫున పరిగెత్తేదీ పానకాలే. ఇదెక్కడి పద్ధతని ఎవరైనా అడిగితే, "పటం గీయడం వచ్చినవాడు అతనొక్కడేగా" అనేవాళ్ళు. అంతటితో నోళ్ళు మూతపడేవి.

పోయిన ఏడు నాలుగో గుర్తు పటంలో ఉన్న చోట లేదు. బుల్లెమ్మ పొద్దుగూకేదాకా వెతికి మూడు రంగులతో దిగొచ్చింది. "పటమిస్తే మేసేస్తుందనుకున్నా, పాపం, చదవబోయింది కూడానా!" అన్నాడు పానకాలు. అందరూ విరగబడి నవ్వారు. ఆ వేసవి బురద తాగిన ముసలి మైలరంగు ఎద్దు శరభయ్య కడుపు పాడై ఏడాదంతా కోలుకోలేదు. ఈసారి కొండెక్కడానికే మూడు రోజులు పట్టింది.

"పిల్లా, ఈ ఏడు కూడా బురదే అయితే నేను దిగిరానే," అన్నాడతను మెల్లగా, వాతావరణం గురించి చెప్పినట్టు.

"దిగొస్తావు బాబాయ్. నోరు మూసుకుని నెమరేసుకో," అంది బుల్లెమ్మ.

పందెం రోజున పానకాలు తోక దులుపుకుంటూ వచ్చాడు.

"ఈసారీ నువ్వేనా బుల్లెమ్మా? రేవుదారి దాటితే నీకు కళ్ళు తిరుగుతాయి కదే!"

"తిరిగితే కూర్చుంటాలే పానకాలు మామా. పరిగెత్తడానికి నువ్వున్నావుగా."

"నోరు బాగా పెరిగిందే!"

"నోరు ఎప్పుడూ ఇంతే. ఇన్నాళ్ళూ బురద అడ్డం పడింది."

తీర్పరి ఎలుగుబంటి కొండప్ప ఇప్పపూలు నములుతూ, సగం కునుకులోనే చెయ్యి ఊపాడు. ఇద్దరూ కదిలారు.

బుల్లెమ్మ పరిగెత్తలేదు. మూటలు మోసిన కాళ్ళకి తొందర తెలియదు, ఆగడమూ తెలియదు. మొదటి గుర్తు దగ్గర జేగురు, రెండో దగ్గర పసుపు, మూడో దగ్గర బొగ్గు పూసుకుంది. నాలుగోది వాగు మలుపులో జంట మద్దిచెట్ల కింద ఉండాలి. వెళ్ళి చూస్తే గుట్ట లేదు, కొమ్మ లేదు, దొప్ప లేదు. రాళ్ళు పేర్చిన చోట గడ్డి మాత్రం అణిగి పాలిపోయి ఉంది.

పోయిన ఏడు ఇక్కడే కళ్ళు కాయలు కాచేలా వెతికింది. పటమంటే కళ్ళతో చేసే పని అనుకుంది. ఈసారి ముక్కు దించింది. దించీ దించగానే తుమ్మింది.

నక్కకి ఒక జబ్బుంది. ఏ దారిన వెళ్ళినా ప్రతి రాయి దగ్గరా కాలెత్తి 'ఇది నాది' అని చెప్పుకోకపోతే అడుగు ముందుకు పడదు. దొంగపనికి వెళ్ళినా అంతే. మద్ది వేరు మీద ఆ కంపు. పది అడుగుల అవతల రాయి మీదా అదే కంపు. ఆపైన మోడు మీదా అదే. పానకాలు పొద్దున్నే గుట్ట పీకి మోసుకెళ్ళిన దారంతా పుట్టకీ చెట్టుకీ తన పేరు తనే చెప్పుకుంటూ పోయాడు.

"ఎంత మర్యాదస్తుడివి మామా, దారి చూపించి మరీ వెళ్ళావు," అనుకుని బుల్లెమ్మ ఆ వాసన పట్టుకుని ఎక్కింది. రాళ్ళు జారాయి. చెట్లు పలచబడ్డాయి. చివరికి కొండ ముక్కులా పొడుచుకొచ్చిన బండ మీద రాళ్ళగుట్ట, మోదుగ కొమ్మ, దొప్పలో తెల్లటి సుద్ద కనబడ్డాయి.

సుద్ద పూసుకుని తల ఎత్తింది. ఎత్తిన తల దించలేకపోయింది.

ఆ బండ అంచు దాటితే నేల లేదు. ఎక్కడో పాతాళంలో కృష్ణ పారుతోంది, ఎవరో ఉతికి ఆరేసి మర్చిపోయిన పంచెలాగ. దానికి అటువైపు కొండ, ఆ కొండ వెనక ఇంకో కొండ, దాని వెనక రంగు వెలిసిన మరో కొండ. చివరిది కొండో మబ్బో తెలియడం లేదు. ఆకు రాలిన టేకు అడవి ఎండలో బూడిదరంగు జంతువులా పడుకుని ఊపిరి తీస్తోంది. ఒక గద్ద ఎగురుతోంది, బుల్లెమ్మ కాళ్ళకంటే కిందుగా. గద్ద వీపు ఎలా ఉంటుందో ఆమె పుట్టాక చూడలేదు.

పద్నాలుగేళ్ళు ఆమె చూసింది రేవుదారి మట్టి, తన ముందరి కాళ్ళు. ఇంత లోకం ఇక్కడే, మూట దించితే కనబడేంత దగ్గరలోనే ఉందని ఎవరూ చెప్పలేదు. పందెం ఉందన్న సంగతి కాసేపు నిజంగానే మర్చిపోయింది.

తర్వాత కిందికి చూసింది. వాగు ఒక గీతలా ఉంది. గుండం చుక్కలా ఉంది. జంట మద్దిచెట్లు రెండు పుల్లల్లా ఉన్నాయి. నోట్లోని టేకాకు బండ మీద పరిచి చూసింది. అదే గీత, అదే చుక్క! పటమంటే ఎత్తున నిలబడిన కంటికి కనబడే కొండ అని అప్పుడు అర్థమైంది. ఐదో గుర్తు మోదుగ కొమ్మ సరిగ్గా కింద రెపరెపలాడుతోంది, దానికి తిన్నగా మేకలదారి. దారి పక్కన పొద నీడలో ఒక తోక. నాలుగోది ఎవరికీ దొరకదన్న ధీమాతో పానకాలు గుర్రు పెడుతున్నాడు.

బుల్లెమ్మ గిట్టల చప్పుడు కాకుండా దిగింది.

పానకాలు ఆవలిస్తూ గుండం చేరేసరికి బుల్లెమ్మ ఐదు రంగులతో నిలబడి ఉంది. శరభయ్య ఆమె చుట్టూ తిరిగి ఒక్కో రంగూ లెక్కపెడుతున్నాడు, నమ్మకం కుదరక రెండోసారి.

"మోసం!" అని ఎగిరాడు పానకాలు. "ఆ తెలుపు రేవులో సున్నం! ఊరినుంచే పూసుకొచ్చింది!"

కొండప్ప ఒక కన్ను తెరిచాడు. "ఏమే బుల్లెమ్మా?"

"నిజమో కాదో మామే తేలుస్తాడు పెద్దాయనా. పటం ఆయనదేగా. మమ్మల్నందరినీ నాలుగో గుర్తు దగ్గరికి ఆయనే తీసుకెళ్ళాలి. ముందు ఆయన నడవాలి, వెనక మనం."

"ఓ, దానికేం," అన్నాడు పానకాలు. జంట మద్దుల దగ్గర నిలబెట్టి, గుర్తును ఎవరో ఎత్తుకుపోయారని ఏడిస్తే సరిపోతుందనుకున్నాడు. మందలు రెండూ వెనక కదిలాయి.

మద్దిచెట్ల కింద బోర్లాపడినంత పనిచేశాడు. "అయ్యో, ఎవరో ఎత్తుకుపోయారే!"

"పోనీలే మామా, నీ పని కానీ," అంది బుల్లెమ్మ తియ్యగా. "ఆ వేరు దగ్గర ఏదో చెప్పుకోవాలనుకుంటున్నట్టున్నావు?"

పానకాలు అటు చూడకూడదనుకున్నాడు. చూశాడు. పొద్దుటి వాసన పాతబడుతోంది. కాలు దానంతటదే లేచింది.

"అదేమిటోయ్?" అన్నాడు కొండప్ప.

"ఏం లేదు, అలవాటు..." అంటూనే పది అడుగుల అవతలి రాయి దగ్గరా లేచింది. ఆపైన మోడు దగ్గరా లేచింది. ఆగుదామంటే వాసన పిలుస్తోంది, సాగుదామంటే పరువు పోతోంది. వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. ఇంకెవరో రాళ్ళు లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పద్దెనిమిదో రాయి దాటేసరికి పానకాలు తనే అందర్నీ బండ మీది గుట్ట దగ్గరికి తెచ్చి నిలబెట్టాడు, కాలు ఇంకా గాల్లోనే ఉంది.

నవ్వుదామని నోరు తెరిచినవాళ్ళు నవ్వలేదు. బండ అవతల కృష్ణ కనబడింది. రెండు మందలూ, అడవిలో పుట్టి పెరిగినవాళ్ళు కూడా, రెప్ప వెయ్యకుండా నిలబడిపోయాయి. కొండప్ప నోట్లోని ఇప్పపువ్వు నమలడం మర్చిపోయాడు.

"ఇంత చక్కటి చోటు దొంగసరుకు దాచుకోడానికా వాడావురా, దరిద్రుడా!" అన్నాడు చివరికి.

పానకాలుకి వేసవంతా అందరి తర్వాతే నీళ్ళన్నారు.

మర్నాడు పొద్దున ఊరి మంద ముందుగా గుండంలో దిగింది. శరభయ్య మోకాళ్ళ మీద వాలి చాలాసేపు తాగాడు. బుల్లెమ్మ మూతి పెట్టబోయి ఆగింది. నీళ్ళకి అడుగు కనబడుతోంది. గులకరాళ్ళు, వాటి మధ్య గోరంత చేపలు, చేపల మీద ఆకాశం. నీళ్ళకి అడుగుంటుందని ఆమెకి అప్పటిదాకా తెలియదు. కదిలిస్తే చెదిరిపోతుందేమోనని పెదవి చివరతో తాగింది.

గట్టు బండ మీద కొండప్ప గోటితో గీశాడు: "పటం గీసేవాడు పందెంలో దిగకూడదు, దిగితే, చూసి నవ్విన ప్రతివాడూ ఆ మోసంలో వాటాదారే. వైశాఖ బహుళ విదియ, బుధవారం."