పద్నాలుగు బకెట్ల చెట్టు

సంజీవప్ప అయ్యవారిని ప్రశ్న అడిగితే జవాబు రాదు, పని వస్తుంది. కోపం ఎలా తగ్గుతుందని అడిగిన వీరభద్రప్ప, ఆర్టీసీలో కండక్టరుగా చేసి దిగిన మనిషి, నెల రోజులు చిక్కుపడిన కొబ్బరితాళ్లు విప్పుతూ కూర్చున్నాడు. మోక్షమంటే ఏమిటని అడిగినాయన ఆవుల కొట్టానికి కప్పు వేశాడు. అందుచేత ఆ ఆశ్రమంలో పాతకాపులు ప్రశ్నలు ఆచితూచి అడుగుతారు. చాలామంది అసలే అడగరు, కళ్లు మూసుకుని అర్థమైనట్టు తలాడిస్తారు. వకుళమ్మ వచ్చి మూడు వారాలే అయింది. ఆమెకు ఈ సంగతి ఎవరూ చెప్పలేదు.

వకుళమ్మ ముప్పై ఏళ్లు ఆడపిల్లల హాస్టల్లో వార్డెనుగా పనిచేసింది. ఆమెకు ఒక్కతే కూతురు. పేరు హిమజ, నంద్యాల దగ్గర పశువుల డాక్టరు. లేచావా, తిన్నావా, గొడుగు పట్టుకెళ్లావా, గేదె తన్నలేదు కదా అని వకుళమ్మ రోజుకు ఆరుసార్లు ఫోను చేసేది. ఆశ్రమానికి వచ్చాక అవి ఎనిమిదయ్యాయి, తీరిక పెరిగింది కదా. ఉగాది వెళ్లిన వారానికి హిమజ, "అమ్మా, కొన్నాళ్లు నువ్వు చెయ్యకు. నేనే చేస్తాను" అని పెట్టేసింది. ఆ తర్వాత నాలుగు రోజులు ఫోను రాలేదు. ఐదో రోజు సాయంత్రం అందరూ కూర్చుని ఉండగా వకుళమ్మ లేచి నిలబడి, "అయ్యవారూ, మనవాళ్లకి మనం ఎంత చేస్తే చాలు?" అని అడిగేసింది.

వెనక వరసలో ఎవరో "అయ్యో పాపం" అన్నారు.

అయ్యవారు ఆమె వైపు తిరిగి, "మన బోరు రోజుకు ఒక గంటే పోస్తోందమ్మా. పొద్దున నిండిన తొట్టి మధ్యాహ్నానికి అడుగంటుతోంది. ఆ నీళ్లు ఎటు పోతున్నాయో కాస్త చూడు" అన్నాడు.

"మరి నా ప్రశ్న?"

"పక్కన పెట్టుకో. చెడిపోయే సరుకు కాదు."

పని చిన్నదేమీ కాదు. అనంతపురం నుంచి తాడిపత్రి వెళ్లే దారిలో, బత్తాయిని చీనీ అంటారక్కడ, ఆ చీనీ తోటల నడుమ, నాలుగు రేకుల ఇళ్లే ఆ ఆశ్రమం. అక్కడ రోజూ మధ్యాహ్నం అరవై మందికి సంగటీ పప్పూ పెడతారు. కాయలు కోసే కూలీలు, గొర్రెలు తోలుకెళ్లేవాళ్లు, దారినపోయే ఎవరైనా సరే. ఇరవై రెండేళ్లుగా ఒక్కరోజు ఆగలేదు. ఇప్పుడు వంట చేసే ఓబులమ్మ, నీళ్లు లేకుండా గంగాళాలు ఎలా కడగాలో తెలియక, ఆ మర్నాడే, సోమవారం, గరిటె ఎత్తి గడువు పెట్టేసింది. "వార్డెనమ్మా, నీకు ఏడు దినాలు. మళ్లా సోమారానికి నీళ్లు సాలకపోతే నేను పొయ్యి ముట్టించేది లేదు. ఆకలిగొన్నోళ్లకి నువ్వే గేటు కాడ నిలబడి సెప్పుకో."

గేటు దగ్గర నిలబడి అరవై మందిని వెనక్కి పంపడం వకుళమ్మ ఊహించుకుంది. వెంటనే చీర కుచ్చిళ్లు పైకి దోపింది.

మొదట దొరికిన దొంగ, కాళ్లు కడుక్కునేచోట ఉన్న కుళాయి. దాని కింద చెంబు పెడితే, పొద్దుటి భజన ముగిసేలోపు నిండిపోయింది. వాషరు మార్పించింది. వంటింట్లో గంగాళాలను పారే కుళాయి కింద పెట్టి తోముతున్నారు. ముందు పీచుతో పొడిగా రుద్ది, ఆ తర్వాత తొట్టిలో ముంచి తీయమంది. ఓబులమ్మ మూతి ముడుచుకుంది గాని, మూడోరోజుకి తనే ఇంకొకరికి ఆ పద్ధతి నేర్పుతూ కనిపించింది. బియ్యం కడిగిన నీళ్లు ఎలాగూ ఆవుల కుడితికి పోతున్నాయి. కూరగాయలు కడిగిన నీళ్లు మాత్రం మోరీ పాలవుతున్నాయి. వాటిని వంకాయ మడికి మళ్లించింది. స్నానాల గది వెనక మురుగై నిలిచి దోమలను పెంచుతున్న నీటికి పారతో తనే కాలవ తీసి, అరటి పిలకల దాకా తీసుకుపోయింది. అతిథి వస్తే కాళ్లకు పెద్ద చెంబుతో నీళ్లివ్వడం అక్కడి మర్యాద. ఆ పెద్ద చెంబును దేవుడి గూట్లో పెట్టి, చిన్న చెంబు బయటికి తీసింది. మర్యాద ఏమీ తగ్గలేదు, కాళ్లూ శుభ్రంగానే ఉన్నాయి.

ఇక తోట సంగతి. నడినెత్తిన సూర్యుడు ఉండగా గొట్టం పట్టుకుని ఆకులకు స్నానం చేయించడం వీరభద్రప్పకు ఇష్టమైన సేవ. "ఆకు తాగదు వీరభద్రప్పా, వేరు తాగుతుంది" అని వకుళమ్మ గొట్టం లాక్కుంది. పొద్దు వాలాక మొదలుకు చెంబెడు పోయించింది. మొక్కల మొదళ్ల చుట్టూ వేరుశనగ పొట్టు మందంగా పరిపించింది, తడి ఆరిపోకుండా. సొరపాదు పక్కన మెడ దాకా పాతిన మట్టికుండను నింపి మూత పెట్టింది. అది మూడు రోజులు తనంతట తనే పాదును తడిపింది. "కండక్టరు ఉద్యోగం అయిపోయింది, ఇప్పుడు గొట్టం ఉద్యోగమూ పోయింది నాకు" అని వీరభద్రప్ప గొణిగాడు. అయినా కుండ మూత తీసి తొంగిచూడటానికి రోజూ అందరికంటే ముందు అతనే వచ్చేవాడు.

శుక్రవారానికి లెక్క తేలింది. ఇంత చేసినా మధ్యాహ్నానికి ఇంకా ఒక డ్రమ్ము పైచిలుకు నీళ్లు తగ్గుతున్నాయి. ఎటు పోతున్నాయో అంతుబట్టలేదు. తొట్టి కారడం లేదు, గొట్టం చిల్లు పడలేదు. "నీళ్లు యాడికి పోతాండాయో ఆ దేవునికే తెల్సు" అని ఓబులమ్మ చేతులు తిప్పింది. సోమవారానికి రెండు రోజులే మిగిలాయి.

వకుళమ్మది హాస్టల్లో గోడ దూకే పిల్లలను పట్టుకున్న చెయ్యి. శనివారం తెల్లవారుజామున, కోడి కూయకముందే, వకుళమ్మ తొట్టి పక్కన గడ్డివామి చాటున ఒక గంగాళం బోర్లించి దాని మీద కూర్చుంది. కాసేపటికి వీరభద్రప్ప వచ్చాడు. చేతిలో బకెట్టు. అటూ ఇటూ చూశాడు. తొట్టిలో ముంచుకుని, అయ్యవారి గది వెనక్కి పిల్లిలా వెళ్లి, ఖాళీ బకెట్టుతో తిరిగొచ్చాడు. అతని వెనకే పోస్టుమాస్టరుగా చేసినాయన. ఆయనా అటూ ఇటూ చూశాడు. తర్వాత ఇద్దరు అక్కచెల్లెళ్లు, ఒకరి తర్వాత ఒకరు, రెండోది మొదటిదానికి తెలియకుండా. అందరూ ఆ గది వెనక్కే. పదకొండోవారు వచ్చేసరికి వకుళమ్మ కొంగు నోట్లో కుక్కుకుని నవ్వాపుకుంటోంది. పన్నెండో మనిషి తర్వాత, బకెట్టు నడుముకు ఆనించుకుని ఓబులమ్మ వచ్చింది.

గది వెనక ఉన్నది ఒక చీనీ చెట్టు. మూడేళ్ల కిందట ఎప్పుడో అయ్యవారు దాని బోదె నిమిరి, "దీని నీడన కూర్చుంటే నాకు చల్లగా ఉంటుంది" అన్నాడట. అంతే. ఒక్కొక్కరూ ఎవరికి వారు, గురువుగారికి ఇష్టమైన చెట్టుకు రహస్యంగా ఒక బకెట్టు పోయడం మొదలుపెట్టారు. సేవ అన్నది చెప్పుకుంటే చెడుతుందని ఎవరూ ఎవరికీ చెప్పుకోలేదు. చెట్టు ఏటేటా పసుపుపచ్చగా మారింది. పూత మానేసింది. బోదె నుంచి బంక కారుతుంటే, చెట్టు దాహంతో ఏడుస్తోందని వీరభద్రప్ప మనసులో తేల్చుకుని బకెట్టు సైజు పెంచాడు.

ఆశ్రమంలో అయ్యవారు కాక పద్నాలుగు మంది. వచ్చినవాళ్లు పదమూడు. పద్నాలుగోది ఎవరా అని లేవబోతూ వకుళమ్మ కాలు దేనికో తగిలి చల్లగా తడిసింది. కిందికి చూసింది. తన బకెట్టు. వచ్చేటప్పుడు అలవాటు కొద్దీ నింపి తెచ్చిపెట్టుకుంది. వచ్చిన రెండోరోజు నుంచీ, ఈ పసుపెక్కిన చెట్టును ఎవరూ పట్టించుకోవడం లేదు పాపమని, రోజూ తానూ పోస్తూనే ఉంది.

ఆ పొద్దున ఫలహారాల దగ్గర ఆమె అంతా చెప్పింది, తన బకెట్టుతో సహా. అక్కచెల్లెళ్లలో చిన్నది పెద్దదాని వైపు తిరిగి, "నువ్వు కూడానా అక్కా?" అంది. అంతటితో నవ్వు మొదలై ఆ రేకుల ఇల్లంతా పాకింది. ఓబులమ్మ ఉప్మా వడ్డిస్తూ వడ్డిస్తూ గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది.

"ఇక ఎవరూ పోయొద్దు" అంది వకుళమ్మ, పాత వార్డెను గొంతుతో.

"చెట్టు చచ్చిపోతే?" అన్నాడు వీరభద్రప్ప. అందరూ అయ్యవారి వైపు చూశారు.

"చచ్చిపోతే కొట్టేద్దాం. ఓబులమ్మకి పొయ్యిలోకి పనికొస్తుంది. వకుళమ్మా, వాన పడేదాకా దీనికి చుక్క పడకుండా చూసే పని నీది" అని ఆయన ఉప్మాలోని మిరపకాయ ఏరి పక్కన పెట్టాడు.

సోమవారం పొయ్యి వెలిగింది. అరవై ముగ్గురు తిన్నారు. గంగాళాలు కడిగాక కూడా తొట్టిలో జానెడు నీళ్లు మిగిలాయి. ఓబులమ్మ పుల్ల ముంచి కొలిచి, ఆ పుల్ల అందరికీ చూపించింది.

అసలు కష్టం ఆ తర్వాత మొదలైంది. వైశాఖపు ఎండకు చీనీ చెట్టు ఆకులు ముడుచుకున్నాయి. కొన్ని రాలాయి. వకుళమ్మ రోజూ సాయంత్రం దాని దగ్గరికి వెళ్లి నిలబడేది. ఫోనులో హిమజ పేరు తెరిచి చూసి మూసేసేది కూడా అక్కడే. చెయ్యకూడదని ఒప్పుకున్న రెండు పనులనూ ఒకేచోట నిలబడి చెయ్యకుండా ఉండటం ఆమెకు కాస్త తేలికనిపించింది. ఇరవయ్యోరోజున మాత్రం ఆగలేకపోయింది. ఒక్క చెంబే కదా అని నీళ్లు పట్టుకుని వెళ్లింది. చెట్టు కింద అయ్యవారు కూర్చుని ఉన్నాడు.

"ఏమ్మా, కూతురు ఫోను చేసిందా?"

"ఆదివారం ఆదివారం చేస్తోంది. రెండు నిమిషాలు."

"అంతకుముందు నువ్వు చేస్తే ఎంతసేపు మాట్లాడేది?"

అంతకుముందు హిమజ మాట్లాడిందెప్పుడు, తినేశానమ్మా అని తప్ప? వకుళమ్మ చెంబు తీసుకెళ్లి వంకాయ మడిలో పోసింది.

మృగశిర కార్తెలో రెండోరోజు వాన వచ్చింది. రేకుల మీద అది చేసిన మోతకు పద్నాలుగు మందీ బయటికొచ్చి తడిశారు. పోస్టుమాస్టరు చూరు కింద డ్రమ్ములన్నీ వరసగా పెట్టించి, ఒక్కొక్కటి నిండినప్పుడల్లా ఊరికి టెలిగ్రాం వచ్చినట్టు కేకేసి చెప్పాడు. పదిహేను రోజులు తిరిగేసరికి ఒకనాటి పొద్దున భజన మధ్యలోనే ఆగిపోయింది. కిటికీలోంచి ఒక వాసన వచ్చింది. అందరూ గది వెనక్కి పరుగెత్తారు. చెట్టు నిండా కొత్త చిగురు, కొమ్మ కొమ్మకూ తెల్లటి పూత. తేనెటీగల రొదకు మాట వినిపించడం లేదు. వీరభద్రప్ప బోదె తడిమి, బంక ఎండిపోయిందని అందరికీ విడివిడిగా చెప్పాడు.

జనం సద్దుమణిగాక వకుళమ్మ నడుం మీద చేతులు పెట్టుకుంది. "అయ్యవారూ, మీరు ఇక్కడికి రాకముందు పాతికేళ్లు చీనీ తోట చేశారని ఓబులమ్మ చెప్పింది. పూతకు ముందు చెట్టును బెట్టకు వదలాలని, నీళ్లు ఆపాలని, ఈ చుట్టుపక్కల ప్రతి రైతుకూ తెలుసట."

"తెలుసు."

"మరి మూడేళ్లు ఊరుకున్నారేం?"

"రహస్యంగా చేసే పుణ్యాన్ని నేనెలా పట్టుకునేది? పైగా ఎవరూ అడగలేదు. నువ్వొక్కదానివే అడిగావు."

ఆమె చేతిలో ఫోను మోగింది. ఆదివారం కాదు, గురువారం. హిమజ. ఒక గేదె అడ్డం తిరిగిన దూడను ఈనలేక నాలుగు గంటలు బాధపడిందని, మోచేతి దాకా చెయ్యి పెట్టి సరిచేసి లాగానని, తల్లీ బిడ్డా బాగున్నారని, ఆ ఇంటివాళ్లు తనను జున్ను తినేదాకా వదిలేలా లేరని చెబుతూనే ఉంది. తిన్నావా అన్న మాట వకుళమ్మ నాలుక చివరిదాకా వచ్చింది. మింగేసి, "తర్వాత?" అంది. తర్వాత చాలా ఉంది. ఇరవై నిమిషాల పైనే ఉంది.

ఫోను పెట్టేసి చూస్తే అయ్యవారు ఇంకా అక్కడే, రాలిన పూలు ఏరుకుంటూ ఉన్నాడు.

"ఎంత చేస్తే చాలని అడిగాను మిమ్మల్ని. మీరింకా చెప్పనేలేదు."

ఆయన గుప్పిట్లోని పూలు వాసన చూశాడు.

"మొన్న వాన ఈ చెట్టు మీద ఎంత పడిందో కొలిచావా?"

"లేదు."

"చెట్టు కొలుచుకున్నట్టుంది" అని ఆయన పూలు ఆమె చేతిలో పోసి, ఫలహారానికి లేచాడు.